పైడిరాజు నింపిన సీసా

అమ్మన్న పాయిఖానాలోంచి బయటికొచ్చేసరికి భార్య అప్పలనర్సమ్మ పెరటి గుమ్మంలో నడుం మీద చేతులేసుకుని నిలబడి ఉంది.

"ఏటి, లోపల బట్టలేవైనా ఉతుకుతున్నావా?" అంది.

"బట్టలేటి?"

"నీ ఎనకాల నానెప్పుడెళ్ళినా నురగే. నిన్నా అంతే, మొన్నా అంతే. సెంబుడు నీళ్ళు కొట్టినా పోదు. మనింట్లో సబ్బుబిళ్ళ నెలకొకటే గదా కొంటాను, ఈ నురగెక్కడిది?"

అమ్మన్న తువ్వాలు దులుపుకుని వరండాలోకి పోయాడు. ఆ నురగ సంగతి అతనికి ఆరు నెలలుగా తెలుసు. నీళ్ళల్లో కలవకూడనిదేదో కలిస్తేనే నురగ కడుతుందని బిలాస్‌పూర్ లోకో షెడ్డులో కొత్తగా చేరిన కుర్రాళ్ళకు ఇరవై ఏళ్ళపాటు చెప్పినవాడు అతనే. బాయిలరులో నురగ కనిపిస్తే ఆ పూట ఇంజను కదలనిచ్చేవాడు కాదు. తన ఒంట్లోంచి వచ్చే నురగను మాత్రం చెంబుడు నీళ్ళు కొట్టి పంపేస్తూ వచ్చాడు.

ఆ రోజు డ్యూటీకి బయల్దేరుతూ బూటులో కాలు పెట్టబోతే పాదం దూరలేదు. వేలితో మడమ పైన నొక్కి చూసుకున్నాడు. గుంట పడింది. ఇరవై అంకెలు లెక్కపెట్టినా ఆ గుంట పూడలేదు. అప్పలనర్సమ్మ చూసింది. ఈసారి ఆవిడ వేళాకోళమాడలేదు.

"ఇయ్యాల డ్యూటీ ఒగ్గీ. ఆస్పత్రికి పద," అంది.

అది తొంభై నాలుగో సంవత్సరం, దీపావళి వెళ్ళిన వారం. అమ్మన్నకు అప్పటికి యాభై నాలుగేళ్ళు.

టెక్కలి దగ్గర పల్లెటూరి నుంచి పందొమ్మిదేళ్ళప్పుడు మేనమామ వెంట బిలాస్‌పూర్ వచ్చాడు. మొదట బొగ్గు మోశాడు. తరవాత బాయిలర్ మిస్త్రీ కింద సుత్తి అందించాడు. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. మిస్త్రీ చెయ్యి ఎటు తిరుగుతుందో చూశాడు, తన చెయ్యి అటు తిప్పాడు. పదేళ్ళయ్యేసరికి షెడ్డులో ఏ ఇంజను కారినా "అమ్మన్నని పిలు" అనేవారు.

బాయిలర్ మిస్త్రీ పని బయట నిలబడి చేసేది కాదు. ఇంజను కడుపులో నిప్పు తీసేశాక, ఇనుము ఇంకా కాలుతూ ఉండగానే, తడిపిన గోనెసంచి నేల మీద పరుచుకుని ఫైర్‌బాక్సులోకి దూరాలి. లోపల మనిషి మోకాళ్ళ మీదే ఉండాలి. ఎదురుగా గోడ నిండా వందకు పైగా గొట్టాల నోళ్ళు. ఏ గొట్టం నోటి దగ్గర తెల్లటి చార కట్టిందో, అక్కడ నీరు కారుతోందన్న మాట. ఆ నోట్లోకి సాధనం పెట్టి తిప్పి, ఇనుమును ఇనుముకు అదిమి, అంచు మడవాలి. ఎక్కువ తిప్పితే గొట్టం చీలుతుంది, తక్కువ తిప్పితే మళ్ళీ కారుతుంది. ఎంత తిప్పాలో మణికట్టుకు తెలియాలి, నోటితో చెబితే వచ్చేది కాదు.

అమ్మన్నకు ఆ ఫైర్‌బాక్సు మీద ఉన్న ప్రేమ ఇంకే వస్తువు మీదా ఉండేది కాదు. మరమ్మతు అయ్యాక మొదటిసారి నిప్పు వేసినప్పుడు నీళ్ళు లోపల సన్నగా గొణగడం మొదలుపెడతాయి. తరవాత ఆ గొణుగుడు మూలుగవుతుంది. గేజి ముల్లు కదులుతుంది. ఆ కదిలే క్షణం కోసం డ్యూటీ అయిపోయినా ఇంటికి పోకుండా ఇంజను పక్కన నిలబడేవాడు. "బాయిలర్నే మనువాడాల్సింది, నన్నెందుకు తెచ్చినావు?" అని అప్పలనర్సమ్మ దెప్పేది.

ఎనభై ఒకటిలో అతనికి దాహం పట్టుకుంది. ఎన్ని నీళ్ళు తాగినా తీరని దాహం. రైల్వే ఆస్పత్రికి పోకుండా ఊళ్ళోనే కుదుదండ్‌లో ఒక ప్రైవేటు డాక్టరు దగ్గర చూపించుకున్నాడు. షుగరు అన్నాడాయన. బిళ్ళలు రాసిచ్చాడు. ఆ చీటీ మడిచి ట్రంకు పెట్టె అడుగున దాచి, అప్పలనర్సమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

దాచడానికి కారణం ఉంది. మరమ్మతు చేసిన ఇంజను ఎక్కి ట్రయలుకు వెళ్ళేవాళ్ళందరికీ మూడేళ్ళకోసారి మెడికల్ ఉండేది. కళ్ళు చూస్తారు, ఛాతీ చూస్తారు, సీసాలో మూత్రం పట్టమంటారు. దానిలో చక్కెర కనబడితే కేటగిరీ దించేస్తారు. దించినవాడికి ఉద్యోగం పోదు, పని పోతుంది. ఆఫీసు గుమ్మం దగ్గర స్టూలు వేస్తారు. స్టోరులో బోల్టులు లెక్కపెట్టమంటారు. బాయిలరు దగ్గరకు మాత్రం రానివ్వరు. ఆ స్టూలు తలపుకొచ్చినప్పుడల్లా అమ్మన్న ఆ చీటీని పెట్టె అడుక్కి ఇంకొంచెం తోసేవాడు.

అమ్మన్న జట్టును ట్రయలు పనిలోకి తీసుకున్నాక, ఎనభై అయిదులో మొదటి మెడికల్ పిలుపు వచ్చింది. అదే జట్టులో ఫిట్టరు పైడిరాజు కూడా ఉన్నాడు. అమ్మన్నకంటే మూడేళ్ళు పెద్ద, ఇద్దరివీ పక్కపక్క ఊళ్ళు. చుట్టరికం ఏమీ లేకపోయినా "బావా" అంటే "బావా" అనుకునేవారు. పైడిరాజు గుండ్రాయిలాంటి మనిషి. బీడీ లేదు, సారా లేదు, తిన్నది అరక్క పడుకున్న రోజు లేదు.

"ఏటి బావా, నీ మొహం మాడిపోనాది?" అన్నాడు పైడిరాజు, సీసాలు పుచ్చుకుని ఆస్పత్రి వెనక దొడ్ల వైపు నడుస్తుంటే. అమ్మన్న ఉన్నమాట చెప్పేశాడు. పైడిరాజు చుట్టూ చూశాడు. తరవాత అమ్మన్న చేతిలో సీసా లాక్కున్నాడు.

"ఇంతోటి దానికా? నాకు కావలసినంత ఉన్నాది. రొండు సీసాలేటి, డ్రమ్మైనా నింపీగలను."

నింపాడు కూడా. అమ్మన్న పేరు రాసిన చీటీ ఆ సీసా మీదే అంటించి ఉంది. అమ్మన్న ఫిట్ అయ్యాడు. ఎనభై ఎనిమిదిలో మళ్ళీ అలాగే. తొంభై ఒకటిలో మళ్ళీ అలాగే. మూడోసారి పైడిరాజు సీసా అందిస్తూ, "నా ఉచ్చతో నువ్వు ఆరేళ్ళుగా ఉజ్జోగం సేస్తన్నావు. పింఛనొచ్చినాక సగం నాకియ్యాలి మరి," అని పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఆ మరుసటి ఏడే షెడ్డులో ఆవిరి ఇంజన్లు ఆగిపోయాయి. వాటిని ఒకదాని వెనక ఒకటి పక్క లైనులోకి తోసి, గ్యాసుతో ముక్కలు కోశారు. అమ్మన్న చేత్తో అంచులు మడిచిన గొట్టాలు కట్టలు కట్టలుగా తుక్కు వ్యాగన్లలోకి ఎక్కాయి. అతన్ని సిక్ లైనుకు, అంటే పాడైన వ్యాగన్లు బాగుచేసే చోటికి, వెల్డింగు పని మీద పంపారు. ఇక దాచి కాపాడుకోవలసినదేదీ లేకపోయింది. తొంభై రెండులో రైల్వే ఆస్పత్రికి వెళ్ళి, షుగరు అప్పుడే కొత్తగా వచ్చినట్టు రాయించుకున్నాడు. అంతటితో అయిపోయిందనుకున్నాడు.

*

కొత్తగా వచ్చిన డాక్టరు హరిప్రియ హనుమకొండ ఆవిడ. ముప్పై అయిదేళ్ళుంటాయి. అమ్మన్న పాదాలు నొక్కి చూసింది, బీపీ చూసింది, మూత్రం పరీక్షకు పంపింది. కాగితం తిరిగి వచ్చాక అతని పాత ఫైలు తెప్పించి ముందుకూ వెనక్కూ రెండుసార్లు తిప్పింది.

"అమ్మన్న గారూ, మీ మూత్రంలో ప్రోటీను పోతోంది. చాలా పోతోంది. నురగ అందుకే. కాళ్ళ వాపూ అందుకే. కిడ్నీలు కారుతున్నాయి."

"కారడమంటే… షుగరు వల్లేనామ్మా?"

"అక్కడే నాకు అర్థం కావట్లేదు." ఆవిడ ఫైలులో వేలు పెట్టింది. "కిడ్నీలో లక్షల సన్నటి జల్లెళ్ళుంటాయి. షుగరు వాటిని పాడుచేస్తుంది, నిజమే. కానీ ఇంత పాడు కావాలంటే పదేళ్ళో పన్నెండేళ్ళో పడుతుంది. మీకు షుగరు వచ్చి రెండేళ్ళే. ఎనభై అయిదు, ఎనభై ఎనిమిది, తొంభై ఒకటి, మూడు మెడికల్స్‌లోనూ మూత్రం అద్దంలా ఉంది. చక్కెర లేదు, ప్రోటీను లేదు. అద్దంలా ఉన్నది మూడేళ్ళలో ఇలా ఎలా అవుతుంది? ఇది వేరే జబ్బేమోనని నా అనుమానం."

"ఏరే జబ్బైతే?"

"స్టెరాయిడు బిళ్ళలు ఇవ్వాలి. నెలల తరబడి. అవి షుగరును విపరీతంగా పెంచుతాయి. ఊరికే గుడ్డిగా ఇవ్వను. ముందు కలకత్తా పంపిస్తాను. అక్కడ వీపులోంచి సూది పెట్టి కిడ్నీ ముక్క తీసి చూస్తారు. సోమవారం రండి, కాగితాలు రాస్తాను."

అమ్మన్న లేచాడు. తలుపు దాకా వెళ్ళి ఆగాడు.

"డాక్టరమ్మా, ఊరికే అడుగుతన్నాను. ఒకేళ షుగరు పాతదే అనుకోండి. అప్పుడేటి సేస్తారు?"

"పాతదయితే ఈ తిరుగుడంతా ఎందుకు? ఈరోజే బిళ్ళ మొదలుపెట్టేదాన్ని. బీపీకి వాడేదే, కాప్టోప్రిల్ అంటారు. కిందటేడు అమెరికాలో పెద్ద పరీక్ష చేశారు. చిన్నప్పటి నుంచీ ఇన్సులిన్ మీద ఉన్నవాళ్ళలో చేశారనుకోండి. ఆ బిళ్ళ వేసుకున్నవాళ్ళ కిడ్నీలు మిగతావాళ్ళకంటే చాలా నెమ్మదిగా పాడయ్యాయి."

"నాకు బీపీ పెద్దగా లేదన్నారు గదమ్మా. బీపీ బిళ్ళెందుకు?"

"చేతికి పట్టీ కట్టి చూసేది ఒంటి మొత్తానికీ ఉన్న బీపీ. జల్లెడలోపలి ఒత్తిడి అందులో కనపడదు. ఈ బిళ్ళ జల్లెడలోంచి రక్తం బయటికిపోయే దారిని కొంచెం వెడల్పు చేస్తుంది. లోపల ఒత్తిడి తగ్గుతుంది. కారడం తగ్గుతుంది."

అమ్మన్నకు ఇంకెవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. గేజి ముల్లు బాగానే చూపిస్తున్నా గొట్టాలు కారడం అతను ఎన్నిసార్లు చూడలేదు? బాయిలరు పాతబడితే ఇన్‌స్పెక్టరు వచ్చి, ఇక నుంచి దీన్ని తక్కువ ఒత్తిడి మీదే నడపాలని రాసేవాడు. ఆ ఇంజను మెయిలు బండి లాగలేకపోయేది గాని యార్డులో బళ్ళు నెడుతూ ఇంకో పదేళ్ళు బతికేది. తనకు కావలసిన మందు ఆ బల్ల మీదే ఉంది. దానికీ తనకూ మధ్య పైడిరాజు నింపిన మూడు సీసాలు అడ్డంగా ఉన్నాయి.

*

పైడిరాజు ఊరి చివర తిఫ్రాలో స్థలం కొని రెండు గదుల ఇల్లు కట్టుకుంటున్నాడు. మార్చి ముప్పై ఒకటికి రిటైరవుతాడు. ఏప్రిల్ ఒకటిన పాలు పొంగించాలని పట్టుదల. శనివారం మధ్యాహ్నం అమ్మన్న వెళ్ళేసరికి లుంగీ పైకి కట్టి, కొత్తగా లేపిన గోడకు బకెట్టుతో నీళ్ళు కొడుతున్నాడు.

"రా బావా! గోడకి నీళ్ళు పోస్తన్నాను. బాగా తాగితేనే గట్టిపడతాది. నీ కాళ్ళేటి అలాగున్నాయి, ఏనుగు కాళ్ళలాగ?"

అమ్మన్న ఇసక కుప్ప మీద కూలబడి అంతా చెప్పాడు. పైడిరాజు బకెట్టు కింద పెట్టేశాడు.

"అయితే ఏటంటావు? ఆయమ్మ కాడికెళ్ళి, ‘అమ్మా, ఆ అద్దంలాటి ఉచ్చ నాది కాదు, పైడిరాజుది’ అంటావా?"

"నీ పేరు సెప్పను."

"సెప్పక్కర్లేదు! ఒకే బేచి, ఒకే రోజు, మూడుసార్లూ లైన్లో నీ ఎనక నానే. గుడ్డోడికైనా తెలుస్తాది. సార్జిషీటిస్తారు. అయిదు నెల్లు బావా! ముప్పై ఆరేళ్ళు మచ్చ లేకుండా సేసినాను. ఒక్క అయిదు నెల్లాగు. నాను దండేయించుకుని బయటికొచ్చీసినాక నువ్వు మైకెట్టి సెప్పుకో."

"అలాగే," అన్నాడు అమ్మన్న.

పైడిరాజు మళ్ళీ బకెట్టు అందుకున్నాడు. కానీ నీళ్ళు గోడ మీద కాక పక్కన మట్టిలో పడ్డాయి. అమ్మన్న లేచి వెళ్ళిపోయాడు.

ఆదివారం ఉదయం అమ్మన్న కాళ్ళీడ్చుకుంటూ పాత షెడ్డుకు వెళ్ళాడు. ఎందుకెళ్ళాడంటే చెప్పలేడు. ఈ మధ్య ఏ కష్టం వచ్చినా కాళ్ళు అటే పోతున్నాయి. ఇంజన్లు నిలబడే గుంటల్లో నడుము ఎత్తు గడ్డి పెరిగింది. రేకుల కప్పు కింద ఏళ్ళ నాటి మసి ఇంకా నల్లగానే ఉంది. అక్కడ నిలబడితే ముక్కుకు బొగ్గుపొగ, వేడి నూనె, తడి గోనెసంచి వాసన తగులుతాయేమోనని ఊపిరి గట్టిగా పీల్చాడు. గడ్డి వాసన మాత్రం వచ్చింది.

అతనికి ఒక పాత గొడవ జ్ఞాపకం వచ్చింది. డెబ్భై అయిదో డెబ్భై ఆరో. ఇంజన్లు కరువుగా ఉన్నాయని ఫోర్‌మన్ బాయిలర్ పుస్తకం ముందుకు తోసి, "చూశావుగా, ఓకే అని రాసెయ్," అన్నాడు. అమ్మన్న చూడలేదు. నిప్పు దింపి గంటే అయింది. అంత వేడిలోకి మనిషి దిగలేడు. "దిగకుండా రాయను సాబ్," అన్నాడు. ఫోర్‌మన్ తిట్టాడు. అమ్మన్న సంచి తడిపి, ఇంకోటి తల మీద కప్పుకుని, ఆ వేడిలోకే దిగాడు. లోపల పై వరసలో మూడు గొట్టాలు కారుతున్నాయి. బయటికొచ్చి, భుజం మీద బొబ్బలతోనే, ఉన్నది ఉన్నట్టు రాశాడు. ఆ ఇంజను ఆ పూట కదల్లేదు.

ఇంజను పుస్తకంలో ఒక్కసారి కూడా అబద్ధం రాయలేదు. తన ఒంటి పుస్తకంలో మాత్రం లోపలికి దిగకుండానే మూడుసార్లు ఓకే రాయించాడు. ఎవరి కోసం? ఈ గడ్డి మొలిచిన గుంటల కోసం. అప్పుడు నిజం చెప్పి స్టూలు మీద కూర్చుని ఉంటే పోయేది ఏడేళ్ళ బాయిలరు. ఆ ఏడేళ్ళూ ఎలాగూ పోయాయి, వాటితోపాటు ఇంకెన్ని పోయాయో.

అయినా, మళ్ళీ ఎనభై అయిదు వచ్చి ఎవరైనా సీసా చేతికిస్తే తను ఏం చేస్తాడో అమ్మన్నకు నమ్మకం లేదు. షెడ్డు ఇనపస్తంభం మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు. అది చల్లగా ఉంది.

*

సోమవారం డాక్టరు కలకత్తా కాగితాలు బల్ల మీద పెట్టుకుని కూర్చుని ఉంది. అమ్మన్న గుడ్డమూట విప్పి కుదుదండ్ చీటీలు ఆ కాగితాల మీద పెట్టాడు. ఎనభై ఒకటి నుంచీ ఉన్నాయి. కొన్నిటికి చెదలు పట్టింది.

"నా షుగరు పదమూడేళ్ళ పాతదమ్మా. ఆ మెడికల్ సీసాల్లోది నాది కాదు."

డాక్టరు ఒక్కొక్క చీటీ చదివింది. కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టింది.

"మూడుసార్లూనా?"

"మూడుసార్లూనమ్మా."

"మీకు తెలుస్తోందా మీరేం చేశారో? ఆ కాగితం నమ్మి నేను మీకు స్టెరాయిడ్లు ఇచ్చి ఉంటే? ఎవరిదండీ అది, అంత చక్కటి మూత్రం?"

అమ్మన్న తల వంచుకున్నాడు. "అది సెప్పలేనమ్మా. ఏ శిచ్చైనా నాకే ఎయ్యండి."

తలుపు కిర్రుమంది. పైడిరాజు తల లోపలికి వచ్చింది. తల దువ్వుకుని, తెల్లచొక్కా తొడుక్కుని ఉన్నాడు.

"నాదేనమ్మా," అన్నాడు. "బయట బల్ల మీద కూకుని ఇంతసేపూ ఇంటన్నాను. రాత్రి నుంచి అన్నం దిగలేదు. అనుమానముంటే ఇప్పుడైనా పట్టి ఇస్తాను, పాతదాంతో సరిపోల్సుకోండి. మూడు గలాసులు నీళ్ళు తాగి మరీ వచ్చినాను."

డాక్టరు కోపంగానే చూసింది గాని, ఆ కోపం పెదవుల దగ్గర నిలవలేదు. మొహం ఫైలులోకి వంచేసుకుంది.

"నేను ఈయన్ని అడిగాను. మిమ్మల్ని అడగలేదు. మీరెవరో నాకు తెలియదు. బయట కూర్చోండి."

పైడిరాజు తల మాయమైంది. ఆవిడ ఫైలులో రాస్తూ పైకి చదివింది. షుగరు ఎనభై ఒకటి నుంచి. పాత మెడికల్ మూత్ర పరీక్షలు నమ్మదగినవి కావు. అంతే. ఎవరి పేరూ రాయలేదు.

"నేను వైద్యం చేసేదాన్ని, విచారణ చేసేదాన్ని కాదు. కానీ మీ కేటగిరీ దించాల్సిందే. వెల్డింగు వద్దు, ఎండలో నిలబడడం వద్దు. కంటి డాక్టరుకు కూడా చూపించండి. షుగరు పాతదయితే కంట్లోనూ తెలుస్తుంది. ఆయన అదే చెబితే కలకత్తా అక్కర్లేదు."

కంటి డాక్టరు అదే చెప్పాడు. బిళ్ళ మొదలైంది. రోజుకు మూడుసార్లు, అన్నానికి గంట ముందు. ఉప్పు సగానికి సగం. ఎండుచేప బంద్. రెండు వారాలకోసారి రక్తం ఇచ్చి కిడ్నీ ఎలా ఉందో చూపించుకోవాలి.

"డాక్టరమ్మా," అన్నాడు అమ్మన్న చీటీ అందుకుంటూ. "ఎనబై అయిదులోనే నిజం సెప్పుంటే?"

ఆవిడ అబద్ధం చెప్పలేదు. "అప్పటికి ఈ బిళ్ళ సంగతి మాకూ తెలియదు. కానీ షుగరు, ఉప్పు, బీపీ సరిగ్గా చూసుకునేవాళ్ళం. కొన్నేళ్ళు మిగిలేవి."

"ఇప్పుడెన్నేళ్ళు?"

"ఒక బాయిలరు ఎన్నేళ్ళు పనిచేస్తుందో మీరు ముందే చెప్పగలరా?"

"లోపలికి దిగి సూస్తేగాని సెప్పలేనమ్మా."

"నేనూ అంతే. చూస్తూ ఉందాం."

*

మూడో వారంలో దగ్గు పట్టుకుంది. కఫం లేని పొడిదగ్గు. గొంతులో ఈక పెట్టి తిప్పుతున్నట్టు ఉండేది. పక్క క్వార్టరు వాళ్ళు టీబీ అన్నారు. అప్పలనర్సమ్మ ఆస్పత్రికి వెంట వచ్చి మరీ డాక్టరుతో తగువేసుకుంది. దగ్గు ఆ బిళ్ళ వల్లే వస్తుందని, కొందరికి అలా అవుతుందని డాక్టరు చెప్పింది. దగ్గు రానివ్వని బిళ్ళ బయటి దేశాల్లో తయారవుతోందట. ఇక్కడికింకా రాలేదు. భరించగలిగితే భరించమంది.

"దగ్గొస్తే బిళ్ళిస్తారని ఇన్నాను గాని, బిళ్ళిచ్చి దగ్గు తెప్పించడం ఎక్కడా ఇన్లేదు," అంది అప్పలనర్సమ్మ ఇంటికొచ్చి. "పారీసీ దాన్ని."

"ఓలె, ఇంజను మీద సేఫ్టీ వాల్వు కూస్తంటే, సెవులు నొప్పెడతన్నాయని దాన్ని బిగించీస్తామా? కూయనీ."

ఆవిడ గొణుక్కుంటూనే వెళ్ళి, అతనికోసం విడిగా వండడం మానేసి, ఉప్పు తగ్గించిన ఆ కూరే ఇద్దరికీ వండింది. తనూ అదే తింది.

సిక్ లైను నుంచి అతన్ని టూల్ రూముకు మార్చారు. నిజంగానే స్టూలు వేశారు. అడిగినవాడికి సాధనం ఇవ్వడం, తిరిగిస్తే అరలో పెట్టడం. వెనక అరల్లో ఎవరూ అడగని సాధనాలు కొన్ని ఉన్నాయి. గొట్టాల నోళ్ళు అదిమేవి, అంచులు మడిచేవి, గొట్టాల్లో పేరుకున్న గార గీకే పొడుగు కమ్మీలు. వాటిలో రెండింటి పిడికి తనే కట్టిన తాడు ఇంకా ఉంది. ప్రతి శనివారం అమ్మన్న వాటిని దించి నూనె గుడ్డతో తుడిచి మళ్ళీ పెట్టేవాడు. "వీటితో ఏం పని దాదా?" అని అడిగితే, "తుప్పు పడతాది," అనేవాడు.

డాక్టరు అతనికి ఇంకో పని నేర్పింది. గాజు గొట్టంలో ముప్పాతిక వంతు మూత్రం పోసి, ఏటవాలుగా పట్టుకుని, పైభాగం మాత్రమే స్పిరిటు దీపం మీద కాచాలి. ప్రోటీను ఉంటే పైన తెల్లగా మబ్బు కమ్ముతుంది. రెండు చుక్కలు సిర్కా, అదే వెనిగరు, వేసినా మబ్బు విరగకపోతే అది ప్రోటీనే. కాగని కింది భాగంతో పోల్చి చూసుకుంటే మబ్బు ఎంత చిక్కగా ఉందో తెలుస్తుంది.

గోల్‌బజారులో దీపం, గొట్టాలు కొన్నాడు అమ్మన్న. ఆదివారం ఉదయాల్లో వరండాలో గాలి తగలని మూల కూర్చునేవాడు. వత్తి కత్తిరించేవాడు. మంట నీలంగా నిలిచేదాకా ఆగేవాడు. గొట్టాన్ని మంటలో ఆపకుండా ఆడిస్తూ ఉండేవాడు, లేకపోతే గాజు పగులుతుంది. కాసేపటికి లోపల సన్నటి బుడగలు లేచేవి. చెవి దగ్గర పెట్టుకుంటే గొణుగుడు కూడా వినపడేది. మొదటి వారం మబ్బు పెరుగులా ఉంది. డిసెంబరుకు మజ్జిగలా అయింది. ఆ తరవాత ఇంకొంచెం పలచబడింది. కాళ్ళ వాపు తగ్గి బూట్లు పట్టాయి. రక్తం పరీక్షలో కిడ్నీ లెక్క ముందుకు పోకుండా అక్కడే ఆగింది.

మార్చి ముప్పై ఒకటి సాయంత్రం పైడిరాజు మెడలో బంతిపూల దండతోనే అమ్మన్న క్వార్టరుకు వచ్చాడు. ఛార్జిషీటు రాలేదు. చేతిలో మిఠాయి పొట్లం, ఇంకో చేతిలో కాగితం చుట్టిన సీసా.

"ఏటిది బావా?"

"నాదే. రిటైరైన ఉచ్చ. నీ దీపం మీద నాదీ ఓసారి కాసి సూడు. ఇంక నాకెవుడూ మెడికల్ సెయ్యడు గదా."

"సీ! మిఠాయితోపాటు తెచ్చినావా అన్నయ్యా!" అని లోపల్నుంచి అప్పలనర్సమ్మ అరిచింది.

అమ్మన్న దీపం వెలిగించాడు. ముందు తనది కాచాడు. సన్నటి మబ్బు లేచింది. కిటికీ అద్దం మీది పొగమంచంత ఉంది. సిర్కా వేసినా పోలేదు. దాన్ని చెక్క స్టాండులో పెట్టి, రెండో గొట్టంలో పైడిరాజుది పోసి మంట మీద ఆడించాడు. బుడగలు లేచాయి, కాగింది, పొంగబోయింది. పై నుంచి కింద దాకా ఎక్కడా మబ్బు లేదు. అవతల గోడ మీది క్యాలెండరు అంకెలు అందులోంచి కనపడ్డాయి.

"అద్దంలా ఉన్నాది గదా?" అన్నాడు పైడిరాజు గర్వంగా. ఆ వెంటనే అమ్మన్న మొహం చూసి, మెడలో దండ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

అమ్మన్న ఆ గొట్టాన్ని దించలేదు. వెలుతురుకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు. మూడుసార్లు తన పేరు రాసి, తనవని నమ్మించిన నీళ్ళు అవే. వాటిని దగ్గరగా చూడడం ఇదే మొదలు. మెల్లగా తన గొట్టం పక్కనే నిలబెట్టాడు.

"ఆర్పీ బావా, స్పిరిటు దండగ," అన్నాడు పైడిరాజు.

"ఉండనీ," అన్నాడు అమ్మన్న. "కాసేపు మండనీ."

దగ్గు వచ్చింది. మంటకు తగలకుండా మొహం పక్కకు తిప్పుకుని దగ్గాడు. తరవాత మళ్ళీ ఇటు తిరిగి, మీద ఏమీ లేని ఆ నీలపు మంటకు అరచేతులు అడ్డం పెట్టి, డ్యూటీ అయ్యాక ఇంజను పక్కన ఆగిపోయినట్టే కూర్చుండిపోయాడు.